మూత మీద వెంట్రుక

ఆ సోమవారం పొద్దున పెద్దల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ల్యాబుకు వెళ్ళాలి. ఫ్రిజ్ తలుపు తీసి, తన డబ్బా తాను పెట్టినచోటే ఉందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత స్థిమితంగా కూర్చుని కాఫీ తాగాలి. అంతే. ఎవరికీ ఏ హానీ లేని పథకం.

ఆయన్ని ల్యాబులో అందరూ ‘సీనియర్ సార్’ అంటారు. ఈ కథకు మాత్రం ఆయన పెద్దల్లుడే. ఎందుకంటే అదే ల్యాబులో, అదే గదిలో, అదే బల్లకు అవతలి వైపు కూర్చునే మనిషి చిన్నల్లుడు. ఇద్దరూ అక్కాచెల్లెళ్ళ మొగుళ్ళు. చిన్నల్లుడు ఉద్యోగంలో చేరిన కొత్తలో నెమ్మదస్తుడిలా, బుద్ధిమంతుడిలా కనబడితే, పెద్దల్లుడే ముచ్చటపడి మరదలికి ఆ సంబంధం కుదిర్చాడు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడు తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తుంది ఆయనకు.

వాళ్ళిద్దరూ చేసేది పళ్ళకు పెట్టే సిమెంటు. పన్ను పుచ్చినా విరిగినా, డాక్టరు తెల్లటి ముద్ద ఒకటి అంటించి, దానికి నీలి దీపం చూపించి, ‘అయిపోయింది, వెళ్ళిరండి’ అంటాడే, ఆ ముద్ద. అందులో గాజుపొడి ఉంటుంది. ఆ పొడిని పట్టి ఉంచే చిక్కటి ద్రవం ఒకటి ఉంటుంది. దాన్నే మోనోమర్ అంటారు. చీకట్లో ఉన్నంతసేపూ దానిలో అణువులు ఎవరి దారిన అవి తిరుగుతుంటాయి. నీలి వెలుగు తగిలిందా, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఇక చచ్చినా వదలవు. ముద్ద రాయైపోతుంది. అయితే చేతులు పట్టుకోవాలంటే దగ్గరికి జరగాలి కదా. అందుకని ముద్ద కాస్త కుంచించుకుపోతుంది. పంటికీ సిమెంటుకూ మధ్య సందు పడుతుంది. ఆ సందులో మళ్ళీ పుచ్చు మొదలు.

పెద్దల్లుడు ఆరేళ్ళు కూర్చుని, కుంచించుకుపోని మోనోమర్ ఒకటి తయారుచేశాడు. బల్లకు అవతల చిన్నల్లుడు కూర్చుని, నీళ్ళు పీల్చని మోనోమర్ ఒకటి తయారుచేశాడు. నీళ్ళు పీల్చిన సిమెంటు మెత్తబడుతుంది, టీ కాఫీల రంగంతా లాగేసుకుంటుంది. ఏది గొప్ప అంటే ఎవరిది వారికి గొప్ప. అది తేల్చడానికే శుక్రవారం పరీక్ష. రెండింటితోనూ ముద్ద కలిపి, డైరెక్టరుగారి ఎదుట కడ్డీలు పోసి, వెలుగు చూపించి, కొలిచి, తూచి, విరిచి చూస్తారు. పోలిక కోసం మూడోది కూడా ఒకటుంది. ఏ పళ్ళ డాక్టరు దగ్గరైనా దొరికే పాత సిమెంటు. అది కుంచించుకుపోతుంది, నీళ్ళూ పీలుస్తుంది. దాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు.

గెలిచిన మోనోమర్ ముందుకు వెళ్తుంది. ఓడినదాని పని అక్కడితో ఆగిపోతుంది, దాని యజమాని స్టోరు గదిలో కూర్చుని సీసాలకు చీటీలు అంటించుకుంటాడు. డైరెక్టరుగారు ఈ మాట నవ్వుతూనే చెప్పారు. ఆయన నవ్వుతూ చెప్పినవే నిజమవుతాయని ల్యాబులో అందరికీ తెలుసు.

ఇది చాలదన్నట్టు మధ్యలో అత్తగారి పన్ను ఒకటి. కిందటేడు గట్టి బిస్కెట్టు కొరికితే ముందుపన్ను మూల విరిగింది. ఇద్దరల్లుళ్ళూ పళ్ళ సిమెంటు చేసేవాళ్ళే కాబట్టి ఆవిడకేం దిగులు అనుకుంటారు ఎవరైనా. అక్కడే వచ్చింది తంటా. “బయట డాక్టర్ల దగ్గర ఆ పాత చెత్త పెట్టించుకోకండి అత్తయ్యా. నాది బయటికి రానివ్వండి, కొత్త పన్ను మొలిచినట్టుంటుంది” అన్నాడు పెద్దల్లుడు. సరిగ్గా ఆ మాటే మర్నాడు చిన్నల్లుడూ అన్నాడు. ఆవిడ ఓపిక పట్టింది. నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈమధ్య నవ్వడమే మానేసింది.

పెద్దల్లుడు ల్యాబులో అడుగుపెట్టేసరికి చిన్నల్లుడు అప్పటికే కోటు తొడుక్కుని కూర్చుని ఉన్నాడు. ఆ గది కిటికీలన్నింటికీ నారింజరంగు కాగితం అంటించి ఉంటుంది. దీపాలూ నారింజరంగువే. ముద్దలకు తెల్ల వెలుతురు తగలకూడదు మరి. అందుకని ఆ గదిలో ఎవరి మొహం చూసినా జబ్బు మనిషి మొహంలాగే ఉంటుంది. ఎవరి మనసులో ఏముందో ఆ వెలుతుర్లో కనిపెట్టడం దేవుడికి కూడా సాధ్యం కాదు.

“గుడ్ మార్నింగ్ అన్నయ్యా! ఇవాళ ఇంత తొందరగా వచ్చేశారేంటి?”

“నువ్వు నాకంటే తొందరగా వచ్చావుగా.”

“నిద్ర పట్టలేదు అన్నయ్యా.”

ఎందుకు పట్టలేదు? మనసులో ఏమీ లేనివాడికి నిద్ర ఎందుకు పట్టదు? పెద్దల్లుడికీ పట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

“కాఫీ తెమ్మంటారా?” అన్నాడు చిన్నల్లుడు. “అయినా అన్నయ్యా, మీకు దేనికి కంగారు? శుక్రవారం మీదే. మీ దాని ముందు నాదెంత?”

పెద్దల్లుడి గుండెలో రాయి పడింది. పోటీలో ఉన్నవాడు తిడితే అర్థం ఉంది, మూతి ముడుచుకుంటే అర్థం ఉంది. పొగిడాడంటే ఏదో చేసే ఉంటాడు. చెయ్యకపోతే చెయ్యబోతున్నాడు. కాఫీ వద్దని చెప్పి, నీళ్ళు కూడా తన ఇంటి సీసాలోవే తాగి, సాయంత్రం అందరూ వెళ్ళేదాకా కాచుకుని కూర్చున్నాడు.

ఫ్రిజ్ తలుపు మీద డైరెక్టరుగారు స్వయంగా రాసి అంటించిన హెచ్చరిక ఉంది: ‘ఇందులో ల్యాబు సరుకు తప్ప తినేవి తాగేవి పెట్టరాదు.’ లోపల పై అరలో ముందువైపు పక్కపక్కనే రెండు నల్ల డబ్బాలు. శుక్రవారానికని కలిపి ఉంచిన ముద్దలు, ఒకటి పెద్దల్లుడిది, ఒకటి చిన్నల్లుడిది. మూడో డబ్బా, ఆ పాత సిమెంటుది, ఎక్కడో వెనక్కి నెట్టేసి ఉంది. పెద్దల్లుడు నెత్తిమీద చెయ్యి పెట్టాడు. అక్కడ మిగిలినవి తక్కువ. ఒక్కో వెంట్రుకకూ ఆయన దగ్గర గౌరవం ఉంది. అయినా శాస్త్రం కోసం ఒకటి పీకి, ఉమ్మితో తడిచేసి, తన డబ్బా మూత మీద అడ్డంగా అంటించాడు. ఎవడైనా డబ్బా ముట్టుకుంటే వెంట్రుక ఊడుతుంది. ఊడిందంటే దొంగ దొరికినట్టే.

మర్నాడు పొద్దున వెంట్రుక లేదు.

పెద్దల్లుడు మూత తీసి చూశాడు. ముద్దలో ఎవరైనా ఏదైనా కలిపితే రంగు మారాలి. కానీ ఈ నారింజ వెలుతుర్లో పాలూ, సున్నమూ, కమలాపండూ ఒకేలా కనబడతాయి. రంగు తెలియాలంటే తెల్ల వెలుతురు కావాలి. తెల్ల వెలుతురు చూపిస్తే ముద్ద గట్టిపడుతుంది. ‘ముద్దలకు వెలుతురు చూపించినవారు ఎవరైనా సరే క్షమించబడరు’ అని గది తలుపు మీద బోర్డు రాసి పెట్టింది పెద్దల్లుడే. అయినా ఒక్క క్షణానికి ఏమవుతుంది? ఏమీ కాదు. ఒక్క క్షణమైతే ఏమీ కాదని పది మంది ముందు ఉపన్యాసంలో చెప్పిందీ పెద్దల్లుడే.

డబ్బాను కోటు జేబులో వేసుకుని పిల్లిలా స్టోరు గదిలోకి వెళ్ళాడు. తలుపు వేసుకున్నాడు. ఫోను లైటు వేశాడు. ఒక్క క్షణం. ఆర్పేశాడు. ముద్ద తెల్లగా, నున్నగా, వెన్నలా ఉంది. హమ్మయ్య అనుకుని తెచ్చి యథాస్థానంలో పెట్టి, ఇంకో వెంట్రుక పీకి అంటించాడు.

సీట్లో కూర్చున్నాక కొత్త అనుమానం పుట్టింది. పైపైన చూశాడు, సరే. అంచుల్లో చూశాడా? అంచుల్లో కలిపి ఉంటే? భోజనాల వేళ మళ్ళీ వెళ్ళి అంచులు చూశాడు. ఒక్క క్షణమే. తిరిగొచ్చాక, అంచులైతే చూశాను, అడుగున సంగతేంటి అనిపించింది. గరిటెతో తిరగేసి అడుగు చూశాడు. అదీ ఒక్క క్షణమే. డబ్బా తిరిగి పెట్టిన ప్రతిసారీ కొత్త వెంట్రుక అంటించాడు. సాయంత్రానికి మూత మీద వెంట్రుక మళ్ళీ మాయం. మళ్ళీ జేబు, మళ్ళీ స్టోరు గది, మళ్ళీ ఒక్క క్షణం.

బుధవారం పొద్దున చూస్తే ముద్దలో ఆవగింజంత గడ్డ ఒకటి చేతికి తగిలింది.

‘దొరికాడు!’ అనుకున్నాడు పెద్దల్లుడు. ఏదో కలిపేశాడు. కలపకపోతే వెన్నలాంటి ముద్దలో గడ్డ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒక్క గడ్డేనా, ఇంకా ఉన్నాయా? లైటు వేసి వెతికాడు. వెతికినకొద్దీ దొరికాయి. దొరికినకొద్దీ వెతికాడు.

మధ్యాహ్నం ఇంకోసారి చూద్దామని డబ్బా జేబులో వేసుకుని స్టోరు గది దాకా వెళ్ళేసరికి, తలుపు లోపలినుంచి తెరుచుకుంది. చిన్నల్లుడు బయటికి వస్తున్నాడు. చేతిలో ఫోను. కోటు జేబు ఒకవైపు ఉబ్బి ఉంది. పెద్దల్లుణ్ణి చూసి తేలు కుట్టినవాడిలా ఆగిపోయాడు.

“ఇక్కడేం చేస్తున్నావోయ్ చీకట్లో?”

“చీటీలు... చీటీలు అయిపోయాయి అన్నయ్యా. మీరో?”

“నాకూ చీటీలే.”

“మీ జేబు బరువుగా ఉన్నట్టుందే.”

“భోజనం డబ్బా.”

“మూత నల్లగా ఉందే?”

“మీ వదిన కొత్తగా కొంది. నీ జేబులోదేంటి?”

“అదీ భోజనమే అన్నయ్యా.”

“తిన్నావా?”

“ఇంకా లేదు. మీరు?”

“చూడాలి.”

ఇద్దరూ జేబుల్లో భోజనాలతో ఆ గుమ్మంలో కాసేపు నిలబడి, ఒకరికొకరు మర్యాదగా దారి ఇచ్చుకున్నారు. లోపలికి వెళ్ళగానే పెద్దల్లుడు జేబు తడుముకున్నాడు. వాడి జేబులో ఉన్నది నల్ల డబ్బా. నల్ల డబ్బాలు రెండే. నాది నా జేబులో ఉంది. నిజంగా నాదేనా? వాడు పొద్దుటే మార్చేసి ఉంటే? వాడి చెత్త నా జేబులో, నా ఆరేళ్ళ కష్టం వాడి జేబులో!

ఈసారి ఒక్క క్షణం చాల్లేదు. డబ్బా అడుగున తను గీసుకున్న గీత వెతికాడు. దొరికింది. డబ్బా తనదే, కానీ ముద్ద? డబ్బా ఉంచి ముద్ద మార్చి ఉంటే? వాసన చూశాడు. వేలికి అంటించి సాగదీసి చూశాడు. లైటు అలా వెలుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి కోటు కూడా విప్పకుండా భార్య ముందు కూర్చున్నాడు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది.

“మీ చెల్లెలికి ఫోను చెయ్యి.”

“ఎందుకు?”

“ఊరికే. కబుర్లు చెబుతూ చెబుతూ, వాళ్ళాయన రెండుమూడు రోజులుగా ఎలా ఉన్నాడో కనుక్కో. కంగారుగా ఉన్నాడా, నిద్రపోతున్నాడా, నా పేరు ఎత్తుతున్నాడా...”

భార్య మడత ఆపి ఆయన మొహంలోకి చూసింది. “మధ్యాహ్నమే చేసింది.”

“ఏమంది?”

“బావ కంగారుగా ఉన్నాడా, నిద్రపోతున్నాడా, మా ఆయన పేరు ఎత్తుతున్నాడా అని అడిగింది.”

“చూశావా! కూపీ లాగుతున్నాడు! భార్య చేత గూఢచారి పని చేయిస్తున్నాడు! సిగ్గుండక్కర్లా మనిషికి?”

“మరి మీరిప్పుడు నాకు చెప్పిన పనేంటండీ?”

“అది వేరు. వాడు నా ముద్దలో ఏదో కలిపాడే. గడ్డలు కడుతోంది.”

“అంత మంచి సంబంధం, వెతికినా దొరకడు, నా కళ్ళతో చూస్తున్నాగా అని మా నాన్నను ఊపిరాడనివ్వకుండా ఒప్పించిందెవరు?”

“అప్పుడు వాడు ముద్దలు చెయ్యడం లేదుగా” అన్నాడు పెద్దల్లుడు, గొంతు తగ్గించి.

గురువారం సాయంత్రం అత్తగారు వచ్చింది. ఆవిడ కొన్నాళ్ళు పెద్దకూతురి దగ్గర, కొన్నాళ్ళు చిన్నకూతురి దగ్గర ఉంటుంది. ఇన్నాళ్ళూ చిన్నకూతురి దగ్గర ఉండి, సంచీ పట్టుకుని ఇప్పుడే దిగింది. “ఏం బాబూ, బాగున్నావా?” అంటూ నవ్వింది. అరచెయ్యి అడ్డం లేదు. నోరంతా తెరిచి, నిండుగా నవ్వింది.

పెద్దల్లుడు కుర్చీలోంచి లేచాడు. ముందుపన్ను మూల విరిగిన ఆనవాలే లేదు.

“అత్తయ్యా! ఆ పన్ను...”

“బాగుందా?”

“ఎవరు పెట్టారు?”

ఆవిడ నవ్వు చటుక్కున ఆగింది. సంచీలోకి తల దూర్చి ఏదో వెతకడం మొదలుపెట్టింది. “ఎవరైతేనేం బాబూ, పన్ను పన్నులా ఉందిగా. నాకు కాళ్ళు నొప్పులు, కాస్త కూర్చోనీ.”

“ఒక్కసారి నోరు తెరవండి అత్తయ్యా.”

“ఏమిటీ?”

“ఒక్క క్షణమే.” అప్పటికే ఫోను లైటు వెలిగింది. పెద్దల్లుడు ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆవిడ పంటికి ఆనించినంత పని చేశాడు. రంగు కలిసిపోయింది. అంచు దగ్గర సందు లేదు. అద్దంలా మెరుస్తోంది.

“అమ్మాయ్! మీ ఆయన్ని ఇవతలికి లాగవే. నన్ను కొనడానికొచ్చిన ఎద్దును చూసినట్టు చూస్తున్నాడు!” అంది అత్తగారు.

భార్య వచ్చి లాగింది. అప్పటికే పెద్దల్లుడికి అంతా తేటతెల్లమైపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ ఉన్నది ఎవరింట్లో? చిన్నల్లుడింట్లో. అడిగితే ఎందుకు దాస్తోంది? ఇంత చక్కగా ఒదిగిన సిమెంటు బజారులో దొరుకుతుందా? దొరకదు. పరీక్ష కాకుండానే, అనుమతి లేకుండానే, వాడు తన ముద్ద తెచ్చి అత్తగారి పంటికే పెట్టేశాడు! రేపు పరీక్షలో, ‘మనిషి నోట్లో ఎలా ఉందో చూడండి సార్’ అని ఈవిణ్ణే పట్టుకొచ్చి నిలబెడతాడు. ఇటు నా డబ్బాలో గడ్డలు, అటు అత్తగారి నోట్లో వాడి సిమెంటు. ఎంత పకడ్బందీగా ఆలోచించాడు! నెమ్మదస్తుడట, బుద్ధిమంతుడట.

శుక్రవారం పొద్దున డైరెక్టరుగారు నారింజ కళ్ళద్దాలు పెట్టుకుని బల్ల ముందు కూర్చున్నారు. నున్నటి గుండు మీద నారింజ దీపం మెరుస్తోంది. ఎదురుగా మూడు డబ్బాలు, కడ్డీలు పోసే ఉక్కు అచ్చులు, నీలి దీపం, పక్కన కడ్డీలు విరిచే మిషను. “మొదలుపెడదామా?” అన్నారాయన.

“ఆగండి సార్!” అంటూ పెద్దల్లుడు లేచాడు. “మొదలుపెట్టే ముందు ఒక అన్యాయం మీ దృష్టికి తేవాలి.”

“నేనూ అదే అనబోతున్నాను సార్” అంటూ చిన్నల్లుడు కూడా లేచాడు.

“నువ్వు కూర్చో!”

“మీరు కూర్చోండి అన్నయ్యా!”

“వీడు నా ముద్దలో ఏదో కలిపాడు సార్! గడ్డలు కట్టింది!”

“అన్నయ్యా! గడ్డలు కట్టింది నా ముద్ద! మీరు రోజుకు నాలుగైదు సార్లు జేబులో ఏదో దాచుకుని స్టోరు గదిలోకి వెళ్ళడం నేను చూడలేదనుకున్నారా?”

“నన్నే అంటావా? ఆడవాళ్ళ పన్ను కూడా వదల్లేదు కదరా నువ్వు!”

చిన్నల్లుడు నోరు తెరిచాడు. “ఎవరి పన్ను?”

“అత్తయ్య పన్ను! అనుమతి లేకుండా, పరీక్ష కాకుండా నీ ముద్ద తెచ్చి అత్తయ్యకు పెట్టేశావు! సార్, నిన్న నా కళ్ళతో చూశాను. ఆవిడ నోరే సాక్ష్యం!”

“అన్యాయంగా మాట్లాడకండి. అది మీరు పెట్టిందని నేననుకున్నాను! బుధవారం సాయంత్రం ఇంటికెళ్ళేసరికి పన్ను నిండుగా ఉంది. ఎవరు పెట్టారంటే చెప్పలేదు. ఇంకెవరు, అన్నయ్యే అనుకుని అన్నం కూడా సయించలేదు నాకు!”

డైరెక్టరుగారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు. ఆయన మొహంలో నవ్వు లేదు. అది కాస్త నయం అనిపించింది అందరికీ. “అనుమతి లేని సరుకు మనిషి నోట్లో పెట్టడం చిన్న సంగతి కాదు. ఆవిడకు ఫోను కలపండి. అందరం విందాం.”

పెద్దల్లుడు ఫోను కలిపి బల్ల మీద పెట్టాడు.

“అత్తయ్యా, నేను. నిజం చెప్పండి. ఆ పన్ను ఎవరు పెట్టారు?”

“చిన్నల్లుడు కూడా అక్కడే ఉన్నాడా?”

“ఉన్నాను అత్తయ్యా.”

“కొట్టుకోవడం లేదు కదా?”

“ఇంకా లేదమ్మా” అన్నారు డైరెక్టరుగారు.

“ఎవరు నాయనా ఆ గొంతు?”

“నేను వీళ్ళ డైరెక్టర్నమ్మా.”

“మీరా! అయితే మీకే చెప్పుకుంటాను బాబూ, మీరే న్యాయం చెప్పండి. ఏడాదిగా ఇద్దరల్లుళ్ళూ రేపు మాపు అంటున్నారు. కిందటివారం మా మనవరాలు, అమ్మమ్మా నువ్వెందుకు నవ్వవు, నామీద కోపమా అని అడిగింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. బుధవారం పొద్దున ఎవరికీ చెప్పకుండా వీధి చివర చెప్పుల షాపు మీద పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అరగంటలో పని అయిపోయింది. ఏం పెట్టావు తల్లీ అంటే, అందరికీ పెట్టేదేనండీ, పాత సిమెంటే అంది. చెబితే అల్లుళ్ళు చిన్నబుచ్చుకుంటారని నోరు మూసుకున్నాను. నేను చేసింది తప్పా బాబూ?”

“తప్పేం లేదమ్మా. వెళ్ళి నవ్వుకోండి” అని డైరెక్టరుగారు ఫోను ఆపేశారు.

పెద్దల్లుడు చిన్నల్లుడి బూట్ల వైపు, చిన్నల్లుడు పెద్దల్లుడి బూట్ల వైపు చూస్తున్నారు.

“పన్ను సంగతి తేలింది. ఇక గడ్డలు” అంటూ డైరెక్టరుగారు పెద్దల్లుడి డబ్బా మూత తీశారు. గరిటె దించారు. గరిటె దిగలేదు. ఎండిపోయిన సబ్బు ముక్కలా పెళుసుగా విరిగి పైకొచ్చింది. చిన్నల్లుడి డబ్బా తీశారు. అదీ అంతే. ఆయన రెండింటినీ వేళ్ళతో నలిపి చూశారు.

“ఇందులో ఎవరూ ఏమీ కలపలేదు. దీనికి వెలుతురు తగిలింది. ఎవరు చూపించారు?”

డైరెక్టరుగారు గది తలుపు వైపు వేలు చూపించారు.

“తలుపు మీద బోర్డు ఎవరు రాశారు?”

“నేనే సార్” అన్నాడు పెద్దల్లుడు.

“మరి దీనికి లైటు ఎవరు వేశారు?”

“ఒక్క క్షణమే సార్. వీడేమైనా కలిపాడేమోనని.”

“నేనూ ఒక్క క్షణమే సార్. అన్నయ్య ఏమైనా కలిపాడేమోనని.”

“అలాంటి క్షణాలు ఎన్ని?”

ఇద్దరూ మళ్ళీ బూట్లు చూసుకున్నారు.

“కానీ సార్,” అన్నాడు పెద్దల్లుడు, ఊపిరి కూడగట్టుకుని. “ఎవరో నా డబ్బా ముట్టుకున్న మాట నిజం. మూత మీద వెంట్రుక పెట్టాను. రోజూ ఊడిపోతోంది. దానికేమంటారు?”

చిన్నల్లుడు తలెత్తాడు. “మీరూ పెట్టారా?”

డైరెక్టరుగారు కాస్త ఇబ్బందిగా కదిలారు. దగ్గారు. “వెంట్రుకలా... అదీ, ఆ వెనకాల నా నీళ్ళ సీసా ఉంటుంది. నాకు చల్లటి నీళ్ళు లేకపోతే గొంతు పట్టేస్తుంది. సీసా తియ్యాలంటే ఈ రెండు డబ్బాలూ జరపాలి. జరిపినప్పుడల్లా చేతికి వెంట్రుకలు అంటుకుంటున్నాయి. ఒకటి నల్లది, ఒకటి నెరిసింది. ఎక్కడివా అని నేనూ ఆశ్చర్యపోతున్నా. నావైతే కావు కదా.”

ఆయన గుండు తడుముకున్నారు. ఫ్రిజ్ తలుపు మీద హెచ్చరిక వైపు ముగ్గురూ చూశారు, ముగ్గురూ చూడనట్టు మొహాలు తిప్పుకున్నారు.

పరీక్ష మాత్రం ఆగలేదు. డైరెక్టరుగారు అలాంటివి ఆపే మనిషి కాదు. రెండు కొత్త ముద్దలనూ అచ్చుల్లో కుక్కి, నీలి దీపం చూపించి, కడ్డీలు చేశారు. మిషను ఎక్కించకముందే పెద్దల్లుడి కడ్డీ చేతిలోనే రెండు ముక్కలైంది. చిన్నల్లుడిది మిషను దాకా వెళ్ళి, మిషను శబ్దం విని విరిగింది. ఇక మిగిలింది వెనకాల డబ్బా. దాన్ని ఎవరూ తెరవలేదు, ఎవరూ అనుమానించలేదు, ఎవరూ దాని మీద వెంట్రుక పెట్టలేదు. మూత తీస్తే ముద్ద వెన్నలా ఉంది. కడ్డీ పోస్తే అద్దంలా వచ్చింది. మిషను మూలిగింది, మళ్ళీ మూలిగింది, అప్పటికి గానీ అది విరగలేదు.

డైరెక్టరుగారు నవ్వుతూ, ఈ పోలికలో పాతదే మెరుగని ప్రకటించారు. నవ్వుతూనే, కొత్త ముద్దలు మళ్ళీ కలిపి పరీక్ష పెట్టేదాకా ఇద్దరూ స్టోరు గదిలో సీసాలకు చీటీలు అంటించాలని చెప్పారు. ఆ గదిలో బల్ల ఒక్కటే, జిగురు సీసా ఒక్కటే. “ఫోన్లు మాత్రం నా దగ్గర పెట్టి వెళ్ళండి” అన్నారు.

చిన్నల్లుడు చీటీలు కత్తిరిస్తే పెద్దల్లుడు జిగురు రాశాడు. రెండో రోజు పెద్దల్లుడు, “మరీ కంగారు పడ్డానోయ్” అన్నాడు. “నేను మాత్రం తక్కువ తిన్నానా అన్నయ్యా” అన్నాడు చిన్నల్లుడు. ఇంకో చీటీ కత్తిరించి, “అన్నయ్యా, ఆ పాతది అంత గట్టిగా ఎలా నిలబడింది?” అన్నాడు. పెద్దల్లుడి చెయ్యి జిగురు సీసాలో ఆగిపోయింది. “నాకూ అదే అనుమానంగా ఉందోయ్” అన్నాడు.

ఆదివారం చిన్నల్లుడు కూతుర్ని తీసుకుని పెద్దల్లుడింటికి వస్తే, ఇద్దరూ కలిసే అత్తగారి దగ్గర కూర్చున్నారు. ఇలా ఇద్దరూ పక్కపక్కన కూర్చోవడం చూసి ఎన్నాళ్ళయిందో, ఆవిడ సంతోషం పట్టలేక నోరారా నవ్వింది. ఒడిలో మనవరాలు కూడా నవ్వింది. అల్లుళ్ళిద్దరూ ఒకేసారి ముందుకు వంగి, ఆ పన్నుకేసి కన్నార్పకుండా చూశారు.

“కుంచించుకుపోతుంది” అన్నాడు పెద్దల్లుడు మెల్లగా. “ఆరు నెలల్లో సందు పడుతుంది చూడు.”

“నీళ్ళు పీలుస్తుంది అన్నయ్యా” అన్నాడు చిన్నల్లుడు. “మూడు నెలల్లోనే రంగు మారుతుంది.”

“మనమే ఒకసారి లైటు వేసి చూస్తే?”

“ఒక్క క్షణమే కదా.”

“మీ ఇద్దరూ నా నోటి దగ్గరికి వచ్చారంటే కరుస్తాను” అంది అత్తగారు.

అది జరిగి అయిదేళ్ళు దాటింది. ఆ పన్ను ఇప్పటికీ అలాగే ఉంది.